త్రిమూర్తులకు పీఠం వేసిందెవరు?

సమాజశాస్త్ర సిలబస్‌లో నల్లజాతి అమెరికన్ పండితుడు డు బాయిస్‌కు చోటివ్వాలా అన్న తగాదా మళ్లీ రాజుకుంది. మార్క్స్, డర్కైమ్, వెబర్ మూలపురుషులు, ఆ వరుసను కదిలించకూడదని ఒక పక్షం పట్టుబడుతోంది. ఆ వరుస ఎప్పుడు కుదిరిందో చూస్తే ఈ పట్టుదల వింతగా తోస్తుంది.

ఫ్రెంచ్ తత్వవేత్త ఆగస్ట్ కోంత్ సమాజశాస్త్రానికి ఆ పేరు పెట్టిన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1937. ఆ ఏడాది హార్వర్డ్‌లో పాఠాలు చెప్పే టాల్కాట్ పార్సన్స్ ఒక లావుపాటి గ్రంథం తెచ్చాడు. ఇంగ్లిష్ తత్వవేత్త స్పెన్సర్‌ను ఇప్పుడెవరు చదువుతున్నారన్న ప్రశ్నతో మొదలుపెట్టి, ఆర్థికవేత్తలైన మార్షల్, పారెటోలతో పాటు డర్కైమ్, వెబర్‌లను ప్రధానంగా నిలబెట్టాడు. ఆ నలుగురిలో మార్క్స్ లేడు! తర్వాత మార్షల్, పారెటో మెల్లగా జారిపోయారు. 1960ల విద్యార్థి ఉద్యమాల వేడిలో మార్క్స్ లోపలికి వచ్చాడు. 1971లో బ్రిటిష్ సమాజశాస్త్రవేత్త ఆంథొనీ గిడెన్స్ పుస్తకం ముగ్గురినీ ఒకే అట్టల మధ్య కూర్చోబెట్టింది. అనాదిగా ఉన్నారనుకునే త్రిమూర్తుల వయసు అంతే.

ఇక డు బాయిస్. బెర్లిన్‌లో చదివి, 1895లో హార్వర్డ్ డాక్టరేట్ పొందాడు. మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా ఏడో వార్డులో గడప గడపకూ వెళ్లి నల్లవారి బతుకును లెక్కకట్టాడు. అదే కాలంలో డర్కైమ్ ఆత్మహత్యలపై ప్రభుత్వ గణాంకాలు ముందేసుకున్నాడు. డు బాయిస్ తన గణాంకాలు తానే పోగుచేసుకున్నాడు. పేదరికానికీ నేరాలకూ కారణం జాతి స్వభావం కాదని, బానిసత్వ చరిత్ర, ఉద్యోగాల్లో వివక్ష అని 1899లో అచ్చయిన పుస్తకంలో చూపాడు. 1897 నుంచి 1910 దాకా అట్లాంటా విశ్వవిద్యాలయంలో, చాలీచాలని నిధులతో, ఏటా ఒక అధ్యయనం వెలువడేలా చూశాడు.

అమెరికా సమాజశాస్త్రం తొలి ఆలోచనా బడి షికాగో విశ్వవిద్యాలయానిది కాదు, ఈ అట్లాంటాదేనని 2015లో అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఆల్డన్ మోరిస్ వాదించాడు. నల్లవాడు కావడం వల్లే డు బాయిస్‌ను పక్కన పెట్టారన్నాడు. సర్వేలు చేసినంత మాత్రాన సార్వత్రిక సిద్ధాంతం ఇచ్చినట్టు కాదని ప్రత్యర్థుల జవాబు.

ఆ త్రిమూర్తుల్లో ఒకరైన జర్మన్ పండితుడు వెబర్‌కు మాత్రం ఈ సందేహం ఉన్నట్టు కనిపించదు. 1904లో అమెరికా వచ్చినప్పుడు డు బాయిస్‌ను కలిశాడు. ఆయన వ్యాసాన్ని 1906లో తాను సంపాదకత్వం వహించే పత్రికలో వేశాడు. నల్లవారి ఆత్మ గురించి ఆయన రాసిన పుస్తకాన్ని జర్మన్‌లోకి తెప్పిద్దామని, ముందుమాట తానే రాస్తానని ఉత్తరం కూడా రాశాడు. వెబర్ 1920లో పోయాడు. ఆ అనువాదం అప్పటికి రాలేదు.