‘దంగల్’ నాన్న వెనక ఆమదాలవలస

కూతుళ్లకు కుస్తీ నేర్పిన తండ్రి కథతో వచ్చిన హిందీ సినిమా ‘దంగల్’ చూసినవాళ్లకు ఆ కత్తెర గుర్తుండే ఉంటుంది. జుట్టు రాలిపడుతుంటే పిల్ల ఏడుస్తుంది, నాన్న మాత్రం కరగడు. 2016 డిసెంబరులో సినిమా వచ్చినప్పటి నుంచీ నాకు ఆ తండ్రి మీద గౌరవమూ ఉంది, కోపమూ ఉంది. ఆ మొండితనం ఎక్కడిదో తెలుసుకున్నాక కూడా రెండూ తగ్గలేదు.

ఆ పాత్రకు మూలమైన అసలు తండ్రి మహావీర్ సింగ్ ఫోగట్‌ది హరియాణాలోని బలాలీ గ్రామం. ఆయన గురువు మాస్టర్ చందగీరామ్, 1970 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన మల్లయోధుడు. ఆడపిల్లలకు కుస్తీ ఏమిటని నలుగురూ మొహం తిప్పుకున్న రోజుల్లోనే ఆ గురువు తన కూతుళ్లను బరిలోకి దించారు.

ఇంకో ప్రేరణ మన శ్రీకాకుళం నుంచి వెళ్లింది. 2000 సెప్టెంబరు 19న సిడ్నీ ఒలింపిక్స్ వెయిట్‌లిఫ్టింగ్‌లో, ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 110, 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం గెలిచింది. ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ. అప్పటికే ఆమె హరియాణా కోడలు కూడా. ఆ అమ్మాయి తేగా లేనిది నా పిల్లలు ఎందుకు తేలేరన్న పట్టుదల మహావీర్‌లో పుట్టింది. ఆయన పెద్దకూతురు గీతకు అప్పటికి పన్నెండేళ్లు నిండలేదు, చెల్లెలు బబిత ఇంకా చిన్నది.

అది ఎలాంటి చోటో చూడండి. 2001 జనాభా లెక్కల ప్రకారం హరియాణాలో వెయ్యి మంది మగవాళ్లకు 861 మందే ఆడవాళ్లు. ఆరేళ్లలోపు పిల్లల్లో అయితే 819. ఆడపిల్లను పుట్టనివ్వడానికే ఆలోచించే చోట, కూతుళ్లను మగపిల్లలతో కుస్తీకి దింపాడాయన. మెత్తటి మనిషి వల్ల అయ్యే పని కాదది.

కానీ పిల్లల్ని ఎవరు అడిగారు? సినిమాలో దీనికి జవాబు ఒక పెళ్లిపందిట్లో వస్తుంది. పద్నాలుగేళ్లకే పెళ్లికూతురైన స్నేహితురాలు, మీ నాన్న కనీసం మీ గురించి ఆలోచిస్తున్నాడు అంటుంది. ఆ మాటకు నాకూ కళ్లు చెమర్చాయి. అయినా బాల్యవివాహం పక్కన పెట్టి చూపిస్తే ఏ బలవంతమైనా ప్రేమలాగే కనిపిస్తుంది కదా!

పతాక సన్నివేశంలో కోచ్ కుట్రతో నాన్న గదిలో బందీ అవుతాడు. చివరి సెకన్లలో ఆయన మాట గుర్తొచ్చి కూతురు అయిదు పాయింట్ల పట్టు పడుతుంది. ఈ ఉత్కంఠ అంతా కల్పితం. తనను అలా చూపించారని అసలు కోచ్ బాధపడ్డారు కూడా. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో, 55 కిలోల ఫైనల్లో ఆస్ట్రేలియా అమ్మాయిని గీత 1-0, 7-0తో వరుస రౌండ్లలో ఓడించింది. చివరి క్షణంలో ఎవరి మాటా గుర్తు తెచ్చుకోవాల్సిన అవసరం రానంత బాగా ఆడిందా రోజు.