కదలని అల

వంటింట్లో కుళాయి తిప్పి, ఖాళీ సింకులో ధార పడే చోటును ఒక్క నిమిషం గమనించండి. ధార చుట్టూ నీరు అద్దంలా పలచగా, వడిగా పరుచుకుంటుంది. బెత్తెడు దూరం పోయాక ఉన్నట్టుండి గుండ్రంగా ఒక గట్టు లేస్తుంది. దాని అవతల నీరు మందంగా, నెమ్మదిగా ఉంటుంది. నీళ్లు ఆ గట్టు దాటి పోతూనే ఉంటాయి, గట్టు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. దీన్ని హైడ్రాలిక్ జంప్ అంటారు. సింకులో పలచటి పొర కాబట్టి తలతన్యత ప్రభావం ఎక్కువ, నదిలో గురుత్వాకర్షణదే పెత్తనం. 1983 జూన్‌లో అమెరికాలోని కొలరాడో నది మధ్యలో ఇలాంటి గట్టే సుమారు ఐదు మీటర్ల ఎత్తున లేచి, పెద్ద పెద్ద మోటారు రాఫ్టులను బోర్లా తిప్పేసింది. ఒక యాత్రికుడు చనిపోయాడు.

ఆ చోటి పేరు క్రిస్టల్ రాపిడ్. రాపిడ్ అంటే నది బండల మధ్య వడిగా, అలలెత్తుతూ ఉరికే చోటు. గ్రాండ్ కాన్యన్ లోపల ఉంది.

అక్కడ కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) యాత్ర సాధారణంగా లీస్ ఫెర్రీ దగ్గర మొదలవుతుంది. నది ఒడ్డుకు మళ్లీ రోడ్డు తగిలేది డైమండ్ క్రీక్ దగ్గరే, మధ్యలో 226 మైళ్లు, అంటే సుమారు 364 కిలోమీటర్లు. తెడ్డు వేసుకుంటూ పోతే రెండు వారాల పైమాటే. కయాక్‌లో మనిషి తప్ప పెద్దగా ఏమీ పట్టదు కాబట్టి తిండి, గుడారాలు వెంట వచ్చే రాఫ్టుల్లో ఉంటాయి. చెత్తే కాదు, మలం కూడా డబ్బాల్లో మూసి వెనక్కి తేవాలి. రాత్రి ఇసుక మీద పడుకుని తెల్లారి లేచేసరికి, నీళ్లలో కట్టిన పడవ ఒక్కోసారి పొడి ఇసుకలో కూర్చుని ఉంటుంది. ఎగువన గ్లెన్ కాన్యన్ డ్యామ్ కరెంటు అవసరాన్ని బట్టి నీళ్లు వదులుతుంది. ఆ హెచ్చుతగ్గులు గంటల తరబడి ప్రయాణించి ఇక్కడికి చేరతాయి. సముద్రం లేని చోట ఆటుపోట్లన్నమాట!

ఈ నది దారంతా గంతులేస్తూ పారుతుందనుకుంటే పొరపాటు. జలశాస్త్రవేత్త లూనా లియోపోల్డ్ 1969లో లెక్క కట్టి చూపించారు: రాపిడ్స్ నది పొడవులో పదో వంతే, కానీ నది దిగే ఎత్తులో సగం అక్కడే దిగిపోతుంది. మిగతాదంతా నిదానమైన మడుగులు. అంటే మెట్లూ, మెట్ల మధ్య చావడులూ. మెట్టు కట్టేది నది కాదు, పక్క నుంచి వచ్చే వాగు. ఎప్పుడో ఒకసారి పెద్ద వాన పడితే వాగు బురదనూ బండలనూ కలిపి, తడి సిమెంటు కాంక్రీటులా తోసుకొచ్చి నదికి అడ్డంగా పోస్తుంది. నది ఆ గుట్టను నెమ్మదిగా కోసుకుంటూ దారి చేసుకుంటుంది.

క్రిస్టల్ దగ్గర అలాంటి వరద మన కాలంలోనే వచ్చింది. 1966 డిసెంబరుకు ముందు అదొక మామూలు రాపిడ్. ఆ నెల భారీ వర్షాలకు క్రిస్టల్ క్రీక్ తెచ్చిన బండలు నదిని దాదాపు పావు వంతు వెడల్పుకు నొక్కేశాయి.

వెడల్పు తగ్గితే ఏమవుతుంది? నిలకడ నీటిలో రాయి వేస్తే అల అన్ని వైపులా పోతుంది. ఆ అలే నీటిలో కబురు. తక్కువ లోతు నీటిలో కబురు వేగం లోతును బట్టి ఉంటుంది: రెండున్నర మీటర్ల లోతుకు సెకనుకు సుమారు ఐదు మీటర్లు. ఇరుకులో నీటి వడి పెరిగి, ఆ కబురు వేగాన్నే మించితే కబురు ఎగువకు చేరదు. ముందు ఏముందో తెలియకుండానే నీరు దూసుకుపోతుంది. తీరా వెడల్పాటి, నిదానమైన నీటిని ఢీకొన్నాక ఒక్కసారిగా పైకి లేస్తుంది. అదే ఆ గట్టు. బ్యారేజీ గేట్ల కింద మనం చూసే తెల్లటి నురగలో ఎక్కువగా జరిగేది ఇదే. అక్కడ నీటి బలం చంపడానికి ఇంజినీర్లు దాన్ని కావాలనే పుట్టిస్తారు.

1983లో మంచు విపరీతంగా కరిగి డ్యామ్ నిండిపోయింది, విడుదల సుమారు 92 వేల క్యూసెక్కులకు చేరింది. గోదావరి వరదలు చూసిన మనకు ఇదేం లెక్క అనిపిస్తుంది. 1986లో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారాయి. కానీ అక్కడ నది వెడల్పు కిలోమీటర్లలో ఉంటుంది, ఇక్కడ ఇరుకు గొంతు. భూగర్భ శాస్త్రవేత్త సుసాన్ కీఫర్ క్రిస్టల్‌ను అధ్యయనం చేసి, ఆ గొంతులో నీటి వేగం సెకనుకు సుమారు 9 మీటర్లకు చేరిందని, ఆ అల ఒక హైడ్రాలిక్ జంప్ అని తేల్చారు. ఆ వరదే బండలను పీకి, గొంతును పావు వంతు నుంచి సుమారు 0.4 వంతుకు వెడల్పు చేసింది. పాత రాపిడ్స్‌లో గొంతు నది వెడల్పులో సగం దాకా ఉంటుంది. క్రిస్టల్ కూడా అలా కావాలంటే దాదాపు 4 లక్షల క్యూసెక్కుల వరద రావాలని ఆమె అంచనా. అంటే పాత రాపిడ్స్‌ను అంత వెడల్పు చేసినవీ అలాంటి వరదలే. ఈ లెక్క నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. రాపిడ్ల నడుములు కొలిచి, ఎవరూ చూడని పాత వరదల సైజు చెప్పడమంటే మాటలా?

కయాకర్‌కు ఈ శాస్త్రమంతా కంటితో తెలియాలి. నున్నటి నీరు నాలుకలా దిగువకు చూపిస్తే అది దారి. బండ వెనక నీరు వెనక్కి తిరిగే చోటు ఎడ్డీ, ఊపిరి తీసుకునే మజిలీ. పైన నీరు ఎగువకే దొర్లుతూ పడవను పట్టేసే చోటు హోల్. అక్కడ నురగలో సగం గాలే ఉందనుకుంటే, పడవను తేల్చే బలం కూడా సగమే. తెడ్డు వేసినా పట్టు దొరకదు. పైన ఎదురీదినా లాభం లేదు. దిగువకు పోయే నీరు అడుగునా, పక్కలా ఉంటుంది కాబట్టి బయటపడే దారీ అటే.

డ్యామ్ ఉండగా 4 లక్షల క్యూసెక్కులు రావు. వాగులు మాత్రం ఎప్పటిలాగే బండలు తెస్తూనే ఉంటాయి. అందుకే క్రిస్టల్‌కు ముందు కయాకర్లు కుడి ఒడ్డున ఆగుతారు. గుట్ట మీద నిలబడి, నాలుక ఎక్కడ మొదలై ఎక్కడ నురగలో కలుస్తోందో చాలాసేపు చూస్తారు. వాళ్ల కాళ్ల కింద ఉన్నవి 1966 డిసెంబరులో వాగు మోసుకొచ్చిన బండలే.