సరిహద్దు కదిలిన ఊళ్లు: దక్షిణ టిరోల్ భాషలపై అపోహలు - వాస్తవాలు

జర్మన్ పాఠాలు చెప్పడం నా వృత్తి. ఇటలీ ఉత్తరపు అంచున ఆల్ప్స్ కొండల్లో జర్మన్, ఇటాలియన్, లాదిన్ మూడూ అధికార భాషలైన దక్షిణ టిరోల్ అనే ప్రాంతం ఒకటుందని చెప్పగానే క్లాసులో ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఇటలీలో జర్మన్ మాట్లాడుతున్నారంటే ఎప్పుడో వలస వచ్చినవాళ్లే.

వాస్తవం: మనుషులు ఉన్నచోటే ఉన్నారు, సరిహద్దే కదిలింది. మొదటి ప్రపంచ యుద్ధం దాకా అది ఆస్ట్రియా నేల. 1919 సెయింట్ జెర్మెయిన్ ఒప్పందంతో ఇటలీ చేతికొచ్చింది. ఫాసిస్టులు బళ్లలో జర్మన్‌ను నిషేధించి, ఊళ్ల పేర్లు మార్చేశారు. పిల్లలకు అక్షరాలు దొంగచాటుగా ఇళ్లలో దిద్దించాల్సి వచ్చింది. నిజానికి 1930లలో పెద్ద ఎత్తున వలస వచ్చింది ఇటాలియన్లే, ప్రాంత రాజధాని బోల్జానో ఫ్యాక్టరీల్లో పనికి. అందుకే 2011 లెక్కల్లో ప్రాంతం మొత్తమ్మీద జర్మన్ మాట్లాడేవాళ్లు 69 శాతం ఉంటే, బోల్జానో నగరంలో ఇటాలియన్లు దాదాపు 74 శాతం.

అపోహ: అక్కడ అందరికీ మూడు భాషలూ వచ్చు.

వాస్తవం: ఎవరి బడి వాళ్లదే. జర్మన్ బడి వేరు, ఇటాలియన్ బడి వేరు. అవతలి భాష ఒక సబ్జెక్టు, అంతే. ఇటాలియన్ పిల్లలు ఏళ్ల తరబడి పుస్తకాల జర్మన్ చదివి అంగడికెళితే, అక్కడ వినపడేది టిరోల్ యాస. 'నేను' అనడానికి 'ఇష్' అని నేర్చుకున్నవాడికి ఎదుటివాడు 'ఇ' అంటాడు. గ్రాంథికం నేర్చుకుని సంతకెళ్లినట్టే! ఇక మూడూ నిజంగా పలికేది ఎక్కువగా లాదిన్ లోయలవాళ్లు. వాళ్ల బళ్లలో జర్మన్, ఇటాలియన్ చెరి సగం, లాదిన్‌కు వారానికి కొద్ది గంటలు. 2011 లెక్కల్లో జనాభాలో వాళ్లు నాలుగున్నర శాతమే.

అపోహ: లాదిన్ అంటే ఇటాలియన్ యాస.

వాస్తవం: స్విట్జర్లాండ్‌లోని రొమాన్ష్ భాషకు దగ్గరి చుట్టం. (యూదుల లాదినో వేరే భాష, కలిపేయకండి.) ఒకే ఊరు ఇటాలియన్‌లో ఓర్టిసెయి, జర్మన్‌లో సాంక్ట్ ఉల్రిఖ్, లాదిన్‌లో ఉర్తిజెయ్.

అపోహ: రెండు భాషలొస్తే సర్కారు కొలువు ఖాయం.

వాస్తవం: రెండు భాషలూ వచ్చని ధ్రువపత్రం తప్పనిసరే, కానీ దాంతో సరిపోదు. 1972 స్వయంప్రతిపత్తి చట్టం ప్రకారం ఉద్యోగాలను జనాభా నిష్పత్తిలో మూడు వర్గాలకు పంచుతారు. నువ్వు ఏ వర్గమో ముందే రాసివ్వాలి. అంతకుముందు కొలువులు చాలావరకు ఇటాలియన్లకే దక్కేవి కాబట్టి ఈ లెక్క ఎందుకొచ్చిందో నాకు అర్థమవుతుంది. నచ్చిందా అంటే పూర్తిగా కాదు. అమ్మది జర్మన్, నాన్నది ఇటాలియన్ అయిన పిల్ల 'ఇతరులు' అని రాసినా, ఆ పక్కనే మూడింటిలో ఒక వర్గంతో తనను లెక్కవేసుకోమని చెప్పాల్సిందే.