వెనక అద్దంలో వైపర్ రంధ్రం ఎప్పుడు పడుతుంది?

హ్యాచ్‌బ్యాక్ కారులో తక్కువ ధర మోడల్ కొన్నవాళ్లకు మొదటి వానాకాలంలోనే ఒక సందేహం వస్తుంది. వెనక వైపర్ లేదు కదా, అద్దానికి చిన్న రంధ్రం వేయించి మనమే పెట్టించుకోవచ్చా అని. వైపర్ ఇరుసు డిక్కీ రేకులోంచి బయటికి వచ్చే కార్లలో ఏదో ఒక దారి దొరకొచ్చు. ఇరుసు అద్దంలోంచే రావాల్సిన కార్లలో మాత్రం కుదరదు. ఎంత ఖరీదైన డ్రిల్లు తెచ్చినా, ఎంత చెయ్యి తిరిగిన మెకానిక్ పట్టుకున్నా అంతే. ఉన్న అద్దం తీసేసి, ఫ్యాక్టరీలోనే రంధ్రంతో తయారైన అద్దం బిగించుకోవాలి.

గాజు మరీ గట్టిది కాబట్టి కుదరదని చాలామంది అనుకుంటారు. అది కారణం కాదు. అక్వేరియం తొట్టెకూ డైనింగ్ టేబుల్ గాజుపలకకూ రంధ్రాలు రోజూ వేస్తూనే ఉన్నారు. కారు పక్క అద్దాలు, వెనక అద్దం ఎక్కువగా టెంపర్డ్ గాజుతో చేస్తారు. మన షాపుల్లో టఫెన్డ్ అనేది కూడా దీన్నే. మామూలు గాజుకూ దీనికీ పదార్థంలో తేడా లేదు, తేడా అంతా లోపల దాగిన బలాల్లో ఉంది.

టెంపరింగ్‌లో గాజు పలకను 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. ఆ వేడికి గాజు కరిగిపోదు గానీ మెత్తబడుతుంది, వంచితే వంగుతుంది. కారు అద్దానికి వంపు వచ్చేది ఈ దశలోనే. వెంటనే రెండు వైపుల నుంచీ వరసగా అమర్చిన సన్నటి నాజిళ్లతో చల్లగాలి బలంగా కొడతారు. పై పొరలు కొద్ది సెకన్లలోనే బిగుసుకుంటాయి. నడిమి భాగం అప్పటికింకా వేడిగానే ఉంటుంది. తర్వాత అది చల్లారుతూ కుంచించుకోవాలని చూస్తుంది, కానీ ముందే బిగిసిన పై పొరలు దాన్ని పూర్తిగా కుంచించుకోనివ్వవు. గాజు పూర్తిగా చల్లారి మామూలు వేడికి దిగాక కూడా ఈ పెనుగులాట తీరదు. పై పొరలు ఎప్పటికీ నొక్కుడుకు గురవుతూ, నడిమి భాగం ఎప్పటికీ లాగుడుకు గురవుతూ ఉండిపోతాయి.

ఇందులోనే దాని బలమంతా ఉంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోలేదు. గాజు ఉపరితలం మీద కంటికి కనిపించని పగుళ్లు ఉంటాయనీ, లాగినప్పుడు అవి నోరు తెరుచుకుని విస్తరిస్తాయనీ ఇంగ్లండ్‌కు చెందిన గ్రిఫిత్ 1920లో వివరించాడు. టెంపర్డ్ గాజులో పై పొర మీది నొక్కుడు ఆ పగుళ్లను మూసి పట్టుకుంటుంది. పూర్తిగా టెంపర్ చేసిన భవనాల గాజుకు ఆ నొక్కుడు కనీసం 69 మెగాపాస్కల్స్ ఉండాలని అమెరికా ప్రమాణం చెబుతుంది. అంటే చదరపు సెంటీమీటరు మీద దాదాపు 700 కిలోల బరువు మోపినంత. అందుకే ఇది మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలమైంది.

ఇప్పుడు ఈ అద్దానికి డ్రిల్లు ఆనిద్దాం. నొక్కుడులో ఉన్న పొర ఒక్కో వైపున మందంలో సుమారు అయిదో వంతు ఉంటుంది. అద్దం 4 మిల్లీమీటర్లదైతే ఆ పొర 0.8 మిల్లీమీటర్లు. డ్రిల్లు మొన అంత లోతుకు దిగేదాకా ఏమీ కాకపోవచ్చు. అది దాటి లాగుడు ఉన్న నడిమి భాగాన్ని తాకగానే అక్కడ పుట్టిన పగులును ఆపేది ఏదీ ఉండదు. లోపల నిల్వ ఉన్న బలమే దాన్ని తోస్తుంది. పగులు సెకనుకు సుమారు 1,500 మీటర్ల వేగంతో పరుగెడుతూ కొమ్మలుగా చీలుతుంది. మీటరు వెడల్పున్న అద్దం సెకనులో వెయ్యో వంతు కూడా పట్టకుండానే చిన్న ముక్కలైపోతుంది. ప్రమాదంలో మనల్ని కాపాడేదీ ఈ గుణమే. పొడుగాటి పదునైన పెంకుల బదులు చిన్న చిన్న పలుకులు రాలాలన్నదే దీని ఉద్దేశం. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 43 ప్రకారం చేసే పగలగొట్టే పరీక్షలో, 5 సెంటీమీటర్ల చదరంలో కనీసం 40 ముక్కలు లెక్కకు రావాలి.

కాబట్టి రంధ్రం వేయాల్సింది కొలిమికి పంపక ముందే. వేడి గాజును చల్లబరిచి గట్టిపరిచే పద్ధతికి ఫ్రాన్స్‌కు చెందిన దె లా బాస్తీ 1874లో పేటెంట్ తీసుకున్నప్పుడు దాన్ని నూనెలో ముంచేవాడు. ఇప్పుడు నూనె పోయి గాలి వచ్చింది గానీ, కోత అయినా రంధ్రమైనా ముందే అన్న షరతు మారలేదు.

ఆ రంధ్రం వేసే పద్ధతి చూడముచ్చటగా ఉంటుంది. డ్రిల్లు బిట్టు లోపల బోలుగా, గొట్టంలా ఉంటుంది. దాని అంచున లోహంలో వజ్రపు రేణువులు పొదిగి ఉంటాయి. గాజును అది కోయదు, అరగదీస్తుంది. వేడి పుట్టకుండా, గాజు పొడి పేరుకోకుండా నీళ్లు పారుతూనే ఉండాలి. చెక్కకు ఒకే పక్క నుంచి డ్రిల్లు దించితే అవతలి పక్క పెచ్చు లేచినట్టే గాజుకూ లేస్తుంది. అందుకని యంత్రంలో పైనొకటి, కిందొకటి, ఒకే గీత మీద రెండు డ్రిల్లులు ఉంటాయి. కిందిది ముందుగా కొంత లోతు అరగదీసి వెనక్కి తగ్గుతుంది. పైది దిగి మిగతాది పూర్తి చేస్తుంది. మధ్యలోంచి చిన్న గాజు బిళ్ల రాలిపడుతుంది. ఆ తర్వాత రంధ్రం రెండు అంచులనూ ఏటవాలుగా రుద్ది నునుపు చేస్తారు.

ఈ నునుపు చేయడం అందం కోసమని అనుకోవద్దు, నా దృష్టిలో పనంతటిలో కీలకమైనది ఇదే. చల్లగాలి తగిలిన మొదటి క్షణాల్లో గాజు పరిస్థితి తలకిందులుగా ఉంటుంది. పై పొర ముందుగా చల్లారి కుంచించుకోబోతుంది, లోపలి వేడి గాజు దాన్ని పట్టి ఉంచుతుంది. అంటే కాసేపు ఉపరితలమే లాగుడుకు గురవుతుంది. రంధ్రం అంచున చిన్న పెచ్చు మిగిలినా పగులు అక్కడే మొదలై, అద్దం ఫ్యాక్టరీలోనే ముక్కలవుతుంది. పైగా రంధ్రం చుట్టూ బలాలు ఊరికే ఒకచోట పోగవుతాయి. పలకను ఒక దిశలో లాగితే, గుండ్రటి రంధ్రం అంచున ఆ లాగుడు మూడు రెట్లవుతుందని జర్మనీకి చెందిన కిర్ష్ 1898లోనే లెక్క కట్టాడు.

ఆ గండం దాటితే మాత్రం రంధ్రానికి రక్షణ దొరుకుతుంది. గాలి రంధ్రంలోంచి కూడా దూరి లోపలి గోడను చల్లబరుస్తుంది కనుక ఆ గోడకూ నొక్కుడు పొర ఏర్పడుతుంది. అంటే రంధ్రం కూడా టెంపర్ అవుతుంది. గాలి సరిగా ఆడనంత సన్నటి రంధ్రానికి ఆ రక్షణ చాలదు. భవనాల గాజుకు వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 12150 అందుకే రంధ్రం వ్యాసం అద్దం మందం కంటే తక్కువ ఉండకూడదంటుంది. రంధ్రానికీ అంచుకూ మధ్య కనీసం మందానికి రెట్టింపు దూరం, మూల నుంచి ఆరు రెట్లు ఉండాలి. కారు అద్దాలు గీసేవాళ్లు నడిచేదీ ఈ ఆలోచన వెంటే.

వింత ఆకారపు రంధ్రాలకు నీటి ధార వాడతారు. గార్నెట్ అనే గట్టి ఖనిజపు ఇసుక కలిపిన నీటిని దాదాపు 3,000 నుంచి 4,000 బార్ ఒత్తిడితో వదులుతారు (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). గాజును తొలిసారి ఛేదించేటప్పుడు మాత్రం ఒత్తిడి బాగా తగ్గిస్తారు, లేకపోతే పలక పగులుతుంది. లేజర్లూ వచ్చాయి. గాజు పారదర్శకం కనుక కిరణాన్ని పైనుంచి పంపి కింది ముఖం మీద కేంద్రీకరించి, రంధ్రాన్ని కింద నుంచి పైకి తొలుచుకుంటూ రావచ్చు. పొడి దానంతట అదే కిందికి రాలిపోతుంది. నాకు ఈ ఉపాయం చాలా నచ్చింది.

రంధ్రం పడ్డాక పలకను కడిగి, అంచుల నల్లరంగు, మంచు తొలగించే సన్నటి వెండి గీతలు ముద్రించి కొలిమికి పంపుతారు. లోపలి బలాల్ని చూడాలంటే పోలరైజ్డ్ చలవకళ్లద్దాలు పెట్టుకుని, ఎండలో ముందు వెళ్తున్న కారు వెనక అద్దాన్ని గమనించండి. వరసగా మచ్చలు కనిపించొచ్చు. బలానికి గురైన గాజు కాంతి గుణాన్ని మారుస్తుంది, గాలి ఎక్కడెక్కడ ఎలా తగిలిందో ఆ మచ్చలు చూపిస్తాయి.

బిగించేటప్పుడు ఇరుసు లోహం గాజుకు నేరుగా తగలకూడదు. మధ్యలో రబ్బరు లేదా ప్లాస్టిక్ బుష్, అంటే ఇరుసు చుట్టూ ఉండే తొడుగు, తప్పనిసరి. వైపర్ విప్పి మళ్లీ పెట్టేటప్పుడు పాత బుష్ అరిగిపోయుంటే కొత్తది వేయమని అడగండి, నట్టును అతిగా బిగించనివ్వకండి.

ముందు అద్దం సంగతి వేరు. అది రెండు గాజు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ అద్దం. ఆ పలకలు సాధారణంగా టెంపర్ చేసినవి కావు. అందుకే రాయి తగిలి చిన్న మచ్చ పడితే, మెకానిక్ బయటి పలకలో సన్నటి డ్రిల్లుతో చిన్న గుంట తీసి, రెసిన్ ఎక్కించి, పగులు పాకకుండా ఆపగలుగుతాడు. అదే డ్రిల్లు పక్క అద్దంలోకో వెనక అద్దంలోకో ఆ లోతుకు దిగితే అద్దమంతా రాలిపోతుంది.