పాట ఒకరిది, బీజీఎం ఇంకొకరిది: ఈ చీలిక ఎక్కడ మొదలైంది?

పెద్ద సినిమా విడుదల దగ్గర పడుతుంటే హైదరాబాద్‌లో ఒక వార్త తప్పకుండా బయటికొస్తుంది. పాటలు చేసిన సంగీత దర్శకుడు ఉండగానే బీజీఎం (సీన్ల వెనక వినిపించే నేపథ్య సంగీతం) కోసం ఇంకొకరిని పిలిచారట అని. ఇక అభిమానులు రెండు జట్లుగా విడిపోతారు, ఒకళ్లు "మా వాడిని అవమానించారు" అంటారు, ఇంకొకళ్లు "మా వాడొచ్చి సినిమాను నిలబెట్టాడు" అంటారు. 2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చినప్పుడు ఇదంతా చూశాం. సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్, అదనపు నేపథ్య సంగీతం కింద శామ్ సి.ఎస్. పేరు. అవమానమా కాదా అన్నదాని మీద రోజుల తరబడి వాదించుకున్నారు గానీ, ఈ రెండు పనులూ ఇన్నేళ్లు ఒకే మనిషి పేరు మీద ఎందుకున్నాయి, ఎప్పుడు విడిపోవడం మొదలైంది, కేవలం నేపథ్య సంగీతం మీద బతకాలనుకునేవాడికి ఈ ఊళ్లో దారుందా అని అడిగినవాళ్లు తక్కువ. నాకు ఆ ప్రశ్నలే ముఖ్యం అనిపిస్తాయి.

మొదట మద్రాసు సంగతి చెప్పుకోవాలి. ఇప్పుడు మనం బీజీఎం అంటున్నదాన్ని అక్కడ రీరికార్డింగ్ అనేవాళ్లు, పొట్టిగా ఆర్.ఆర్. షూటింగ్, ఎడిటింగ్, డబ్బింగ్ అయ్యాక రీలు తర్వాత రీలు తెర మీద వేస్తారు. వెయ్యి అడుగుల 35 ఎం.ఎం. రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది, రెండున్నర గంటల సినిమా అంటే దాదాపు 14 రీళ్లు. సంగీత దర్శకుడు బొమ్మ చూసి, ఎక్కడ మొదలవ్వాలో ఎక్కడ ఆగాలో లెక్క రాసుకుని, నొటేషన్ రాసి వాద్యకారుల ముందు పెడితే, వాళ్లు తెర వైపో కండక్టర్ వైపో చూస్తూ అంతా కలిసి వాయించాలి. ఒక్క వయొలిన్ తప్పినా మళ్లీ మొదటికి. ఇంత పని ఒక్కడి వల్ల అయ్యేది కాదు, ఎప్పుడూ కాలేదు. కె.వి.మహదేవన్ పక్కన ఆయన సహాయకుడు పుహళేంది లేని రోజు లేదని ఆ తరం వాళ్లందరికీ తెలుసు. ప్రతి పెద్ద సంగీత దర్శకుడి వెనకా సహాయకులు, అరేంజర్లు, కండక్టర్లు ఉండేవాళ్లు. టైటిల్స్‌లో మాత్రం పెద్ద అక్షరాలతో 'సంగీతం' అని ఒక్క పేరు, మిగతావాళ్లు చిన్న అక్షరాల్లో, ఒక్కోసారి అదీ లేదు. కాబట్టి "ఇప్పుడు ఒకే సినిమాకు నలుగురు చేస్తున్నారు, పాత రోజుల్లో ఒక్కడే చేసేవాడు" అనే మాట నేను ఒప్పుకోను. పాత రోజుల్లోనూ నలుగురే. పేర్లే కనపడలేదు.

తర్వాత పరిశ్రమ హైదరాబాద్ వచ్చింది. 1950ల చివరికే అమీర్‌పేటలో సారథి స్టూడియో ఉంది, 1976లో అన్నపూర్ణ మొదలైంది, నాచారంలో రామకృష్ణ, ఆ తర్వాత పద్మాలయ, రామానాయుడు, 1996 నాటికి రామోజీ ఫిల్మ్ సిటీ. షూటింగులు వచ్చేశాయి, నటులు ఇళ్లు కట్టుకున్నారు, జూబ్లీహిల్స్ కొండల మీద ఫిలింనగర్ లేచింది. సంగీతం మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. అన్నిటికంటే చివర కదిలింది అదే అనుకుంటాను. కారణం చిన్నదేం కాదు. ఆర్.ఆర్.కు కావాల్సిన పెద్ద థియేటర్లు, నొటేషన్ చూడగానే వాయించగలిగే వయొలిన్ వాళ్లు, ఫ్లూట్ వాళ్లు, తబలా వాళ్లు, వాళ్ల యూనియన్, కాల్షీట్ లెక్కలు, అంతా చెన్నైలోనే. కెమెరాను లారీలో వేసుకుని తేవచ్చు, అన్ని కుటుంబాలను ఊరు మార్పించలేం కదా. అందుకే 90లలో కూడా ఇక్కడ తీసిన సినిమాకు సంగీతం అక్కడే చేయించుకుని రావడం మామూలు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి సినిమా సంగీతం చేయాలనుకున్న కుర్రాడు ముందు చెన్నై రైలెక్కాల్సి వచ్చేది.

ఇక్కడ అవార్డుల విషయం ఒకటి చెప్పాలి, ఎందుకంటే మనం దేన్ని సంగీతంగా లెక్కేశామో అందులో కనిపిస్తుంది. సంగీత దర్శకుడికి జాతీయ అవార్డు ఇవ్వడం 1967 సినిమాలతో మొదలైంది, మొదటి గ్రహీత కె.వి.మహదేవన్, అది ఒక తమిళ సినిమాకు. 2000ల దాకా తెలుగు సినిమాలకు వచ్చినవి చూడండి: 'శంకరాభరణం', 'మేఘసందేశం', 'సాగర సంగమం', 'రుద్రవీణ', 'అన్నమయ్య', 'స్వరాభిషేకం'. సంగీత విద్వాంసుడు, కవి, నర్తకుడు, మళ్లీ సంగీతం, వాగ్గేయకారుడు, మళ్లీ సంగీతం. అన్నీ గొప్ప పనులే, వాటి మీద నాకు రవ్వంత అభ్యంతరం లేదు. కానీ కథే పాట చుట్టూ తిరిగితే తప్ప సంగీతాన్ని గుర్తించలేదన్నది కూడా అందులోనే ఉంది. 1989లో 'శివ' వచ్చి, మాట లేని చోట ఇళయరాజా సంగీతం ఎంత భయం పుట్టించగలదో మొత్తం రాష్ట్రానికి చూపించింది. ఆ పనిని విడిగా కొలిచే గడి అప్పటికి మన దగ్గర లేదు. ఆస్కార్‌లో పాటకు ఒకటి, స్కోరుకు, అంటే నేపథ్య సంగీతానికి ఒకటి 1934 సినిమాల నుంచే వేరువేరుగా ఉన్నాయి. మన జాతీయ అవార్డుల్లో నేపథ్య సంగీతం స్థిరంగా విడి విభాగం అయ్యింది 2009 సినిమాల నుంచి, ఆ ఏడాది 'పళసి రాజా'కు ఇళయరాజా అందుకున్నారు.

చీలికకు అసలు బీజం అవార్డుల్లో లేదు, కీబోర్డులో ఉంది. 80ల చివర్లో రాజ్-కోటి జోరు చూసిన వాళ్లకు ఇది తెలుస్తుంది. రాజ్ అంటే టి.వి.రాజు కొడుకు, కోటి అంటే సాలూరి రాజేశ్వరరావు కొడుకు, ఇద్దరూ సంగీత దర్శకుడు చక్రవర్తి దగ్గర పని నేర్చుకున్నారు. వాళ్ల దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడే తర్వాత ఎ.ఆర్.రెహమాన్. సింథసైజర్, సీక్వెన్సర్ వచ్చాక ముప్ఫై మంది వాయించే చోట ఒక మనిషి కూర్చుని నోటు నోటూ పేర్చడం మొదలైంది. అలా పేర్చేవాడికి ప్రోగ్రామర్ అని పేరు. పని ముక్కలుగా విడదీయడం అప్పుడు సులువైంది: ఒకే సినిమాలో ఫైట్ ఒకరు, సెంటిమెంట్ సీను ఒకరు, కామెడీ బిట్లు ఇంకొకరు, వేరువేరు గదుల్లో కూర్చుని ఒకే రాత్రి చేయొచ్చు.

మణిశర్మ కెరీర్ ఈ మార్పుకు సరిగ్గా సరిపోయే ఉదాహరణ. కీరవాణి దగ్గర, రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన మనిషి. 1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' తీశారు, అందులో పాటలే లేవు, ఉన్నదంతా నేపథ్య సంగీతమే, అది మణిశర్మ చేతిలో పెట్టారు. తెలుగులో ఒక కొత్తవాడికి తలుపు పాటతో కాకుండా స్కోరుతో తెరుచుకున్న సందర్భాలు అంతకుముందు ఎన్ని ఉంటాయో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా జనం నోట్లో ఆయన పేరు గట్టిగా నానింది ఆరేళ్ల తర్వాత, 1998లో 'బావగారూ బాగున్నారా', 'చూడాలని వుంది' పాటలతోనే. అదే వర్మ అదే ఏడాది హిందీలో 'సత్య' తీసి, పాటలు విశాల్ భరద్వాజ్‌కు, నేపథ్య సంగీతం సందీప్ చౌతాకు ఇచ్చారు, చౌతాకు ఆ స్కోరు మీద ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. రెండూ రెండు రకాల బుర్రలు అడిగే పనులని మన దగ్గర నుంచి వెళ్లిన ఒక దర్శకుడు అప్పుడే పట్టుకున్నాడు. ఆ విషయంలో ఆయనకు దక్కాల్సిన పేరు దక్కలేదనిపిస్తుంది.

ఈ పని నేర్పే బడి అంటూ ఏమీ లేదు, ఒక మనిషి పక్కన ఇంకో మనిషి కూర్చోవడమే. చక్రవర్తి దగ్గర కీరవాణి, కీరవాణి దగ్గర మణిశర్మ, మణిశర్మ దగ్గర డ్రమ్స్ కుర్రాడు తమన్. ఆ తమన్ 2009లో 'కిక్'తో నిలదొక్కుకుని, 2021లో 'అఖండ' వచ్చేసరికి పాటలకంటే బీజీఎం గురించే థియేటర్లో జనం మాట్లాడుకునే దశకు చేరాడు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో టికెట్ కొన్నవాడు "ఎలివేషన్ సీన్‌లో బీజీఎం కుమ్మేశాడు" అని బయటికి రావడం నిజానికి చాలా పెద్ద మార్పు.

ఇక 2010ల తర్వాత విడదీయడం మామూలైపోయింది. 2013లో 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'కు పాటలు మిక్కీ జె.మేయర్, నేపథ్య సంగీతం మణిశర్మ. 2019లో 'సైరా'కు పాటలు అమిత్ త్రివేది, స్కోరు జూలియస్ పాకియం. అదే ఏడాది 'సాహో'లో పాటలు చాలామందివి, స్కోరు జిబ్రాన్‌ది. 2022లో 'రాధే శ్యామ్' ఇంకో మెట్టు ఎక్కింది, తెలుగుకు తమన్ బీజీఎం, హిందీకి వేరేవాళ్లు చేసిన వేరే బీజీఎం. ఒకే బొమ్మ, రెండు సంగీతాలు.

కారణాలు పెద్దగా దాచుకునేవేం కావు. పాట ముందు అమ్ముడుపోతుంది. షూటింగ్ మొదలవ్వకముందే ట్యూన్ కావాలి, ఆడియో కంపెనీ డబ్బు పాటలను చూసే ఇస్తుంది, ప్రచారమంతా పాటల మీదే. నేపథ్య సంగీతం వంతు అన్నిటికంటే చివర. ఎడిటింగ్ ఆలస్యమైనా, సీజీ ఆలస్యమైనా, హీరో డేట్లు కుదరక రెండు రోజుల ప్యాచ్ వర్క్ మిగిలినా, కోత పడేది ఈ చివరి గదిలోనే. విడుదల తేదీ మారదు, అమెరికాలో ప్రీమియర్ టికెట్లు అమ్మేసి ఉంటారు, సెన్సార్‌కు కాపీ వెళ్లాలి, మిక్సింగ్ ఇంజనీర్ స్టెమ్స్ (విడివిడి సంగీత ట్రాకులు) కోసం కూర్చుని ఉంటాడు. ఒక రీలు వచ్చి, పని మొదలుపెట్టాక, అదే రీలు కొత్త కట్‌తో మళ్లీ వస్తుంది. నాలుగు ఫ్రేములు తగ్గినా, అంటే సెకనులో ఆరో వంతు తగ్గినా, హీరో తల తిప్పే క్షణానికి పడాల్సిన దెబ్బ తప్పుతుంది. ఆ టెన్షన్‌లో ఇంకొకరిని పిలవడం చాలాసార్లు ప్రతిభ గురించిన తీర్పు కాదు, క్యాలెండర్ గురించిన తీర్పు. దీనికి సంగీత దర్శకుణ్ని తిట్టడం అన్యాయం. నెల రోజుల పనికి వారం ఇచ్చినవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు.

ఈ కథలో హైదరాబాద్‌కు నిజంగా మేలు చేసింది కంప్యూటరే. తీగ వాద్యాల కోసం చెన్నై వెళ్లక్కర్లేదు, డబ్బున్న సినిమా అయితే బుడాపెస్ట్‌లోనో మాసిడోనియాలోనో ఆర్కెస్ట్రాను ఇంటర్నెట్ మీదే వాయించుకోవచ్చు, లేని సినిమా అయితే శాంపిల్ లైబ్రరీ, అంటే ముందే రికార్డు చేసి పెట్టిన వాద్యాల ధ్వనులు. కృష్ణానగర్, యూసఫ్‌గూడ సందుల్లో ఒక బెడ్‌రూమ్‌కు ఫోమ్ అంటించి, రెండు మానిటర్ స్పీకర్లు పెట్టుకుని పెద్ద సినిమాల రీళ్లు చేస్తున్న కుర్రాళ్లు ఉన్నారు. 'పెళ్లిచూపులు' నాటి వివేక్ సాగర్, 'క్షణం' నాటి శ్రీచరణ్ పాకాల లాంటివాళ్లు చిన్న బడ్జెట్ సినిమాల్లో పాటా స్కోరూ ఒకదానిలో ఒకటి కలిసిపోయేలా చేసి చూపించింది కూడా ఈ వాతావరణంలోనే.

నాకు అన్నిటికంటే ఆశ పుట్టించిన కెరీర్ హర్షవర్ధన్ రామేశ్వర్‌ది. 2017లో 'అర్జున్ రెడ్డి' పాటలు రధన్‌వి, అవి ఊరంతా మోగాయి. నేపథ్య సంగీతం హర్షవర్ధన్‌ది, ఆ పేరు అప్పట్లో ఎంతమందికి గుర్తుందో చెప్పలేను. అదే దర్శకుడు 2023లో హిందీలో 'యానిమల్' తీసినప్పుడు స్కోరు మళ్లీ ఆయనకే ఇచ్చాడు, 2025 ఆగస్టులో ప్రకటించిన 71వ జాతీయ అవార్డుల్లో నేపథ్య సంగీతానికి ఆయన పేరు వచ్చింది. 2021 సినిమాల అవార్డుల్లో 'పుష్ప' పాటలకు దేవిశ్రీ, 'ఆర్.ఆర్.ఆర్.' నేపథ్య సంగీతానికి కీరవాణి పక్కపక్కనే నిలబడ్డారు. అంతకుముందు 2013 సినిమాల్లో 'నా బంగారు తల్లి' స్కోరుకు శంతను మొయిత్రాకు వచ్చింది, దాన్ని మనం దాదాపు మర్చిపోయాం. 'నాటు నాటు'కు 2023లో ఆస్కార్ వచ్చిన రోజు ఊరంతా టపాసులు కాల్చాం, అదే సినిమా స్కోరుకు అదే ఏడాది వచ్చిన జాతీయ అవార్డు ఎంతమంది ఇళ్లల్లో మాటల్లోకి వచ్చిందో ఆలోచించండి.

ఇక డబ్బు సంగతి. 1977లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది: వేరే ఒప్పందం లేకపోతే, సినిమా కోసం చేయించుకున్న సంగీతానికి మొదటి హక్కుదారు నిర్మాతే అని. 35 ఏళ్లు ఆ తీర్పు కిందే బతికారు. 2012లో కాపీరైట్ చట్టం సవరించారు. ఇప్పుడు సినిమా హాల్లో సినిమాతో పాటు వినిపించడం మినహా, మిగతా ఏ వాడకానికైనా సంగీతం కట్టినవాళ్లకు, పాట రాసినవాళ్లకు రాయల్టీలో సమాన వాటా ఉంది, దాన్ని నిర్మాతకో ఆడియో కంపెనీకో రాసిచ్చినా చెల్లదు. చాలామంది ఇది పాటలకే అనుకుంటారు. బీజీఎం కూడా సంగీత రచనే, కాబట్టి టీవీలో వేసినా ఓటీటీలో పెట్టినా దానికీ వాటా ఉండాలి. ఆ లెక్కకు క్యూ షీట్ కావాలి: సినిమాలో ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా ఎవరు కట్టిన సంగీతం ఉందో రాసిన పట్టిక. అది నింపి, రాయల్టీ వసూలు చేసి పంచే సంస్థ ఐ.పి.ఆర్.ఎస్.లో సభ్యత్వం తీసుకుని, రచన నమోదు చేసుకున్న పేరుకే డబ్బు వస్తుంది. యూసఫ్‌గూడ గదిలో ఫైట్ రీలు మొత్తం కట్టిన కుర్రాడి పేరు 'అడిషనల్ ప్రోగ్రామింగ్' అనే వరసలో పడినా, అసలు పడకపోయినా, ఆ పట్టికలో అతను ఉండడు. అందుకే ఇప్పుడు పని మొదలుపెట్టే కుర్రాళ్లు అడ్వాన్స్ ఎంత అని అడిగే ముందు, క్యూ షీట్‌లో నా పేరు ఏ క్యూ (సంగీతం ముక్క) దగ్గర రాస్తారు అని అడగాలి, అదీ రీలు చేతికి రాకముందే, కాగితం మీద.