చీటీ చేరేసరికి

చిరంజీవులకు ఆశీస్సులు.

బల్ల మీద బొమ్మ సైన్యాలతో ఆడుతుంటే, ఏ మూల ఏం జరిగినా మరుక్షణమే మిగతా దళాలన్నీ అటు తిరిగిపోతున్నాయని రాశారు. తిరగక ఏం చేస్తాయి! బల్లంతా మీ కళ్ల ముందే ఉంది. ఆనాటి సేనాపతికి ఆ భాగ్యం లేదు.

1854 అక్టోబరు 25న, క్రిమియాలోని బాలక్లావా దగ్గర, బ్రిటిష్ సేనాపతి రాగ్లన్ ఎత్తైన గుట్ట మీద ఉన్నాడు. శత్రువు ఫిరంగులు తరలించుకుపోకుండా ఆపమని చీటీ పంపాడు. ఏ ఫిరంగులో రాయలేదు. కింద లోయలో ఉన్న అశ్వదళ నాయకుడు లూకన్‌కు అవి కనబడవు. ఏ ఫిరంగులని అడిగితే, చీటీ తెచ్చిన నోలన్ చెయ్యి ఊపి చూపించాడు. ఆరు వందల పైచిలుకు రౌతులు లోయ చివరన ఉన్న వేరే ఫిరంగుల మీదికి వెళ్లిపోయారు. మీ నియమాల్లో ఇలాంటి పొరపాటుకు చోటుండాలి.

1824లో ప్రష్యాలో రైస్విట్జ్ అనే సైనికాధికారి తన యుద్ధ క్రీడలో ఈ చిక్కును అంపైర్‌తో తీర్చాడు. ఆటగాళ్లు ఉత్తర్వులు రాసి అతనికే ఇవ్వాలి. పటం 1:8000, వంతుకు రెండు నిమిషాలు. అంపైర్ లేకపోయినా మీరు ఇలా ఆడొచ్చు.

బల్ల మీద 1 సెంటీమీటరు అంటే 50 మీటర్లు, ఒక వంతు అంటే 15 నిమిషాలు అనుకోండి. గుర్రం గంటకు 12 కిలోమీటర్లు పోతే వంతుకు 60 సెంటీమీటర్లు. 180 సెంటీమీటర్ల బల్ల దాటడానికి మూడు వంతులు. అగ్గిపెట్టెంత కాగితం మీద ఉత్తర్వు రాసి, మడిచి, రౌతు బొమ్మ కింద పెట్టండి. బొమ్మ సేనాపతి దగ్గర నుంచే బయలుదేరాలి. చేరాక పాచిక వేయండి. 3 నుంచి 6 పడితే దళం ఉత్తర్వు పాటిస్తుంది. 2 పడితే ఇంకో వంతు ఆలస్యం. 1 పడితే చీటీ ఎదుటివాడి చేతికివ్వండి. రాసిన మాటలకు పొసిగే ఏ అర్థమైనా అతను తీసుకోవచ్చు. ‘ఫిరంగులు పట్టుకో’ అని రాస్తే మీ పని అయినట్టే. ‘రోడ్డుకు ఎడమన, గుట్ట మీది రెండు ఫిరంగులు’ అని రాయండి.

కొందరు ప్రతి దళానికీ ప్రతి వంతులోనూ పాచికలు వేయిస్తారు. నాకు నచ్చదు. రెండు పాచికల మొత్తం 8 లేదా అంతకన్నా తక్కువ పడితేనే దళం కదలాలంటే, అలా పడే అవకాశం 36లో 26, అంటే నూటికి 72. మూడు దళాలూ కలిసి కదలాలంటే అది 38కి పడిపోతుంది. ఇక సైన్యం కదిలినట్టే! అందుకే పాత ఉత్తర్వు మీద నడుస్తున్న దళానికి పాచిక వద్దు. మారితేనే వేయండి. కాల్పులు తగులుతున్న దళం శత్రువు వైపు తిరగడానికో, వెనక్కి తగ్గడానికో చీటీ అక్కర్లేదు.

చీటీ మీద వంతు అంకె మాత్రం తప్పక వేయండి. దగ్గరి దారిన వెళ్లిన రెండో రౌతు మొదటివాడికన్నా ముందే చేరవచ్చు. అప్పుడు పాత అంకె చీటీ చింపేయాలి.

మీ తాతయ్య