చెరువు గట్టు మీద ఇంటర్న్‌షిప్: మీరు విన్నవి, నేను చూసినవి

ఏటా పరీక్షలు అయిపోయే వేళకి నాకు ఒకే రకం మెసేజ్‌లు వస్తాయి. "సార్, ఆక్వాలో ఇంటర్న్‌షిప్ కావాలి, రెజ్యూమే పంపమంటారా?" నేను తిరిగి అడిగేది ఒక్కటే. ఎన్ని రోజులు ఉంటావు? చాలామంది అది ఆలోచించుకుని ఉండరు.

పద్నాలుగేళ్లుగా కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువులు చూసుకుంటున్నాను. మధ్యలో మూడేళ్లు వెనామి రొయ్యల చెరువులు కూడా చేశాను. ఇప్పటిదాకా ఓ ఇరవై మంది పిల్లలు మా షెడ్డులో పడుకుని పని నేర్చుకుని వెళ్లారు. ఇద్దరు మాత్రం మూడో రోజే బస్సెక్కేశారు. వాళ్లని తప్పు పట్టను. ఎవరో ఏదో చెప్పి పంపారు, ఇక్కడ కనబడింది వేరు. అలా చెప్పి పంపే మాటల్లో కొన్ని రాస్తున్నాను.

అపోహ: బీఎఫ్‌ఎస్సీ (ఫిషరీస్ డిగ్రీ) చదివినవాళ్లకే చోటు

నిజానికి బీఎఫ్‌ఎస్సీ వాళ్లకి దిగులే లేదు. ముత్తుకూరు కాలేజీ అయినా, తెలంగాణలో పెబ్బేరు కాలేజీ అయినా ఆఖరి ఏడాదిలో రైతుల దగ్గరా, కంపెనీల్లోనూ పని చేయడం చదువులో భాగమే. చోటు కాలేజీయే చూపిస్తుంది. ఇబ్బంది పడేది డిగ్రీలో ఆక్వాకల్చరో జువాలజీయో తీసుకున్నవాళ్లు, పదో తరగతి తర్వాత ఫిషరీస్ డిప్లొమా చేసినవాళ్లు. వాళ్లకి నేను చెప్పేది, రైతు మీ డిగ్రీ అడగడు. తెల్లారగట్ల నాలుగింటికి లేస్తావా, బండి నడుపుతావా అని అడుగుతాడు. అంతే.

చెరువు ముఖం ఎప్పుడూ చూడనివాళ్లయితే ముందు ఏదైనా చిన్న శిక్షణ పూర్తి చేసుకుని రండి. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది, అందరూ సిఫ్ట్ అంటారు. కేంద్ర మత్స్య విద్యా సంస్థ కేంద్రం కూడా కాకినాడలోనే ఉంది. మంచినీటి చేపల పరిశోధన చేసే కేంద్ర సంస్థ సీఫా వాళ్ల ప్రాంతీయ కేంద్రం విజయవాడ దగ్గర ఉంది. శిక్షణలు ఎప్పుడు పెడతారో నేరుగా ఫోన్ చేసి కనుక్కోండి. అక్కడ కూర్చుని నేర్చుకునేది ఒక ఎత్తు, అక్కడికి వచ్చే రైతులతో పరిచయాలు ఇంకో ఎత్తు. మా దగ్గరికి వచ్చినవాళ్లలో ముగ్గురు అలా దొరికినవాళ్లే.

అపోహ: పెద్ద కంపెనీలో దొరికితేనే ఇంటర్న్‌షిప్

దీన్ని తిప్పి చూడాలి. ముందు మీ చేతిలో ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకోండి, ఆ తర్వాత చోటు వెతకండి.

నెల రోజులే ఉంటే రొయ్యల హేచరీకి, అంటే రొయ్య పిల్లల్ని తయారుచేసే చోటికి వెళ్లండి. బాపట్ల, చీరాల, నెల్లూరు, ఉప్పాడ తీరాల్లో హేచరీలు వరసగా ఉంటాయి. రొయ్య పిల్ల తొలి దశ నాప్లి నుంచి జోయా, మైసిస్ దశలు దాటి అమ్మే సైజు పోస్ట్ లార్వా వరకు మూడు, మూడున్నర వారాల్లో అయిపోతుంది. అంటే నెలలో ఒక పంట మొదటి నుంచి చివరి దాకా కళ్లారా చూస్తారు. రాత్రి డ్యూటీలు మాత్రం తప్పవు. లార్వాకి మేతగా ఆల్గే, ఆర్టీమియా వేళకి పడాల్సిందే, దానికి ఆదివారం అని తెలీదు.

నాలుగు నెలలుంటే వెనామి చెరువు. 100, 120 రోజుల్లో పంట చేతికొస్తుంది కాబట్టి సీడు, అంటే రొయ్య పిల్లలు, వదిలిన రోజు నుంచి పట్టుబడి రోజు దాకా ఉండగలరు. బొచ్చె, శీలావతి చెరువులకి పది నెలలు, ఏడాది పడుతుంది. రెండు నెలలు ఉండి వెళ్లిపోతే సినిమాకి ఇంటర్వెల్ దాకా కూర్చుని లేచినట్టే. అయినా చేపల చెరువే కావాలంటే రండి, కానీ వల లాగే రోజులు ఎప్పుడో అడిగి ఆ వారాల్లో రండి.

రెండు నెలలున్నవాళ్లకి నా సలహా వేరు. ఫీడ్ కంపెనీ టెక్నీషియన్ బండి వెనక సీటు. ఆయన రోజుకి ఎనిమిది, పది చెరువులు తిరుగుతాడు. ఒకే పొద్దున ఒక గట్టు మీద పచ్చగా చిక్కబడ్డ నీళ్లు, ఇంకో గట్టు మీద గోధుమ రంగు నీళ్లు, మూడో చోట మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మిగిలిపోయిన మేత చూస్తారు. ఒకే చెరువు దగ్గర ఏడాది కూర్చున్నా అన్ని రకాలు కనబడవు. స్టైపెండ్ ఇస్తారో లేదో చెప్పలేను, పెట్రోలుకి మీ వంతు అడక్కపోతే సంతోషించండి.

అపోహ: ఆన్‌లైన్‌లో అప్లై చేసి కూర్చుంటే చాలు

ప్రాసెసింగ్ ప్లాంట్లు, పెద్ద ఫీడ్ కంపెనీలకి అది పనిచేస్తుంది, కాదనను. చెరువులకి పనిచేయదు. రైతుకి మెయిల్ చూసే అలవాటు లేదు.

భీమవరం, కైకలూరుల్లో నీళ్లు పరీక్ష చేసే ఆక్వా ల్యాబులుంటాయి. పొద్దున ఏడు నుంచి పదింటి దాకా అక్కడ రైతులు సీసాల్లో నీళ్లు పట్టుకుని వస్తుంటారు. నాలుగు రోజులు అక్కడికి వెళ్లి నిలబడండి. ల్యాబు వాళ్లని బతిమాలి సీసాల మీద పేర్లు రాసే పని అడగండి. వారం తిరిగేసరికి ఎవరి చెరువు మీద చదువుకున్న మనిషి అవసరం ఉందో, ఎవరు జీతాలు ఎగ్గొడతారో, ఎవరి గట్టు మీద గది బాగుంటుందో అన్నీ తెలిసిపోతాయి. ఆ సమాచారం ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకదు.

ఎవరైనా ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తాం, సర్టిఫికెట్ ఇప్పిస్తాం, ముందు ఇంత కట్టండి అంటే ఫోన్ పెట్టేయండి. పని చేయించుకునేవాడు మీకు ఎదురు ఇవ్వాలి, కనీసం భోజనం, పడక.

అపోహ: ఆడపిల్లలకి ఈ పని కుదరదు

పని కుదురుతుంది. కుదరనిది షెడ్డు. చాలా గట్ల మీద కాపలా షెడ్డుకి తలుపు సరిగా ఉండదు, బాత్రూమ్ అసలు ఉండదు. ఇది దాచి "అందరికీ సమాన అవకాశం" అని రాయడం నాకు చేతకాదు. హేచరీల్లో, ల్యాబుల్లో, ప్రాసెసింగ్ ప్లాంట్లలో వసతి నయం. మా దగ్గర ఒకమ్మాయి ఊళ్లో గది తీసుకుని స్కూటీ మీద వచ్చి మూడు నెలలు చేసింది. తేలిన చేపని కోసి మొప్పల్లో పేను ఉందో, చర్మం మీద ఉందో ఆవిడంత ఓపికగా చూసినవాళ్లు తర్వాత రాలేదు. చేరేముందు రాత్రి డ్యూటీ ఉందా, గది ఎక్కడ, బాత్రూమ్ ఉందా అని మొహమాటం లేకుండా అడగండి. మగపిల్లలు కూడా అడగండి.

అపోహ: చేపలు తేలాయంటే ఎవరో మందు కలిపారు

ఇక్కడి నుంచి పాడు రోజుల సంగతి.

గట్టు మీద చేప చస్తే మొదట వినబడే మాట ఇదే. పక్క చెరువు వాడితో సరిహద్దు తగాదా ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చాలాసార్లు అసలు కారణం ఆక్సిజన్. పగలు నీళ్లలోని పచ్చదనం, అంటే ప్లాంక్టన్, ఎండకి ఆక్సిజన్ తయారు చేస్తుంది. రాత్రి అదే పచ్చదనం, చేపలు, అడుగునున్న బురద అన్నీ కలిసి ఆక్సిజన్‌ని తినేస్తాయి. అందుకే తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీళ్లు పట్టుకోగలిగిందే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు. 5 పైన ఉంటే నిశ్చింత. 3 కిందకి దిగితే చేప మేత మానేస్తుంది. 1 దగ్గరికొస్తే ఇక గట్టు మీద ఎవరూ మాట్లాడరు.

తేడా ఎలా పట్టాలి? ఆక్సిజన్ పడిపోతే పెద్ద చేపలు ముందు పోతాయి, అదీ తెల్లారే లోపు. ఎండ ఎక్కాక మిగిలినవి కోలుకుంటాయి. మందు పడితే మిట్టమధ్యాహ్నమైనా చస్తాయి, పిల్ల చేపలు, పురుగులు కూడా తేలతాయి. ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే రైతు పోలీస్ స్టేషన్‌కి వెళ్లేముందు మీ మాట వింటాడు.

అపోహ: మీ డ్యూటీలో చేప పోయిందంటే తప్పు మీదే

ఒక ఆగస్టు రాత్రి చెబుతాను. మూడు రోజులుగా ఎండ లేదు. పద్దెనిమిదెకరాల చెరువు, బొచ్చె, శీలావతి కలిపి వేసింది. శ్రీకాకుళం కుర్రాడొకడు అప్పుడు మా దగ్గర ఇంటర్న్. రాత్రి పదింటికి ఆక్సిజన్ కొలిచే డీఓ మీటరు 4.1 చూపించిందని రాశాడు. రెండింటికి 2.3. నాకు ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి మూడున్నర, మీటరు 1.2. కరెంటు పోయింది. జనరేటర్ తిప్పితే రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది, డీజిల్‌లో నీళ్లు చేరాయి.

టార్చ్ వేస్తే చెరువంతా నోళ్లు. గుండ్రంగా తెరుచుకుని, నీటి మట్టానికి ఆనించి, చప్ చప్ మని గాలి మింగుతున్నాయి. వాన పడుతోందేమో అనుకుని ఆ కుర్రాడు తల మీద చెయ్యి పెట్టుకుని చూశాడు. వాన లేదు.

పక్క చెరువు ఇంజను ట్రాక్టర్ మీద తెచ్చి, చెరువు నీళ్లే ఎత్తి మళ్లీ చెరువులోకి చిమ్మించాం. చేతిలో ఉన్న ఆక్సిజన్ గుళికలు చేపలు గుమిగూడిన మూలల్లో చల్లాం. తూర్పు తెల్లబడేసరికి 3 దాటింది. రెండు వందల ఎనభై బొచ్చెలు పోయాయి, అన్నీ పెద్దవే. వాటిని పడవలో ఏరుతూ ఆ కుర్రాడు ఏడ్చాడు. "పదింటికే చెప్పాల్సింది సార్" అన్నాడు.

పదింటికి 4.1 చూసి ఎవరైనా నిద్రపోతారు. తప్పు నాది. మూడు రోజులు మబ్బు పట్టి ఉంటే చెరువులో కట్టే మేత సంచులు సగానికి తగ్గించమని చెప్పాలి. నేను చెప్పలేదు. తవుడు సంచులు రోజూ కట్టినన్నీ కట్టారు, తినని మేత అడుగున కుళ్లింది. జనరేటర్‌ని వారానికోసారి తిప్పి చూడాల్సిన పనీ నాదే. ఇదంతా రైతు గారి ముందే చెప్పాను. ఆయన నన్ను నానా మాటలూ అన్నారు, కుర్రాడిని ఒక్క మాట అనలేదు. కారణం పుస్తకం. పదింటికి ఎంత, రెండింటికి ఎంత, ఎన్నింటికి ఫోన్ చేశాడు అన్నీ వాడి చేతిరాతలో ఉన్నాయి.

పుస్తకం గురించి ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నా మొదటి ఏడాది నేను చేసిన వెధవ పని ఒకటుంది. చలికాలం, నిద్ర ఆగలేదు. నాలుగింటి రీడింగు చూడకుండానే పొద్దున లేచి నిన్నటి అంకె దించేశాను. ఆ వారమంతా అలాగే. ఏడో రోజు చేప తేలింది. ఎప్పటి నుంచి పడిపోతోందో చెప్పడానికి నా దగ్గర ఒక్క నిజమైన అంకె లేదు. చేప పోయినందుకు కాదు, ఆ పుస్తకం తిరగేస్తున్నప్పుడు సిగ్గేసింది.

చేతిలో లేనివి ఇంకా చాలా ఉంటాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే ఇక్కడ రొయ్య రేటు పడిపోయింది. కౌంట్, అంటే కిలోకి తూగే రొయ్యల లెక్క, బాగా తెచ్చిన కుర్రాళ్లు కూడా రైతు మొహం చూడలేక తప్పించుకు తిరిగారు. ఆ సుంకానికీ, చెరువు బాగుండాలని వాళ్లు కలిపిన ప్రోబయోటిక్‌కీ ఏం సంబంధం?

అపోహ: గట్టి మనిషైతే టెన్షన్ పడడు

పడతాడు. పడనివాడు చెరువు మీద శ్రద్ధ లేనివాడు. నష్టం జరిగిన రోజున మా దగ్గర ఒక క్రమం పెట్టుకున్నాం, పెద్ద విషయమేం కాదు.

రైతుకి మొదటి ఫోన్ మనమే చేయాలి, అంకెతో సహా. కాపలా బాబాయ్ ద్వారానో ఊళ్లోవాళ్ల ద్వారానో తెలిస్తే ఆ కోపం వేరు. చచ్చిన చేపని మధ్యాహ్నంలోపు ఏరి, చెరువుకి దూరంగా గొయ్యి తీసి సున్నం వేసి పూడ్చేయాలి. కళ్ల ముందు ఉన్నంతసేపు ఎవరికీ బుర్ర పనిచేయదు. ఆ తర్వాత రాత్రి డ్యూటీ చేసినవాడు అన్నం తిని పడుకోవాలి, ఆ సాయంత్రం వాడికి పని చెప్పకూడదు. కారణాల గురించి మాట్లాడటం మర్నాడే. ఆ రోజు మాట్లాడితే అవి కారణాలు కావు, తిట్లు.

నిద్రలేని మనిషి చేసే పొరపాటు చేపతో పోదు. నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్ దగ్గరికి నీళ్లలో దిగేముందు మెయిన్ స్విచ్ ఆపించి, స్విచ్ దగ్గర మనిషిని నిలబెట్టి దిగండి. తెగిన వైరుంటే నీళ్లలో కరెంటు కనబడదు. ఎవరు తొందరపెట్టినా దీంట్లో మొహమాటం వద్దు. ఇంటర్న్‌వి కాబట్టి దిగు అనే చోట ఉండొద్దు కూడా.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, గట్టు వైపు వెళ్లాలంటే కాళ్లు రాకపోయినా అది చెరువు సమస్య కాదు. ఇంట్లో చెప్పండి. 14416 అని టెలీ మానస్ ఉచిత నంబరుంది, తెలుగులో మాట్లాడతారు. మావాడొకడు చేశాడు. రెండు వారాలు ఇంటికెళ్లి వచ్చి మళ్లీ పనిలో చేరాడు.

ఆ శ్రీకాకుళం కుర్రాడు ఇప్పుడు ఒక ఫీడ్ కంపెనీలో టెక్నీషియన్. మొన్న మా గట్టు మీదకి వచ్చినప్పుడు కాఫీ ఇస్తుంటే తీసుకోకుండా నేరుగా జనరేటర్ దగ్గరికెళ్లి డీజిల్ మూత తీసి చూశాడు.

ఈ వేసవికి మా దగ్గర రెండు చోట్లున్నాయి. వచ్చేవాళ్లు మంచి టార్చ్ లైటు ఒకటి తెచ్చుకోండి, షెడ్డులో ఉన్నది గంట వెలిగితే గొప్ప.